అర టిక్కెట్టు రూటు

కిందటి నెలలో ఒక సాయంత్రం మా వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టాయన గుడ్ల వ్యాను ఎక్కి పక్క వీధి దాకా వెళ్ళివచ్చారు. వెళ్ళాలన్న ఉద్దేశం ఆయనకు లేదు. వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. ఆయన ఒక కాలు వ్యానులోనూ, ఒక కాలు కొట్టు మెట్టు మీదా పెట్టి గుడ్ల అట్టలు అందుకుంటున్నారు. అంతలో ఎవరో వ్యాను రేకు మీద రెండు దెబ్బలు వేసి "రైట్ రైట్!" అన్నారు. అన్నదెవరా అని డ్రైవరు చూడలేదు. ఆ మాటకు అలవాటు పడ్డ కాలు కనక దానంతటదే నొక్కేసింది. కొట్టాయన తన రెండు కాళ్ళలో ఏదో ఒకదాని పక్షం వహించవలసి వచ్చింది. వ్యానులో ఉన్నదాని పక్షం వహించారు. మెట్టు మీది కాలి చెప్పు మాత్రం మెట్టు మీదే ఉండిపోయింది.

పక్క వీధిలో బేకరీ ముందు వ్యాను ఆగింది. డ్రైవరు దిగి వెనక్కి వచ్చి చూస్తే, గుడ్ల మధ్య, ఒళ్ళో ఒక అట్ట పెట్టుకుని కొట్టాయన కూర్చుని ఉన్నారు. ఒక్క గుడ్డు పగల్లేదు. ఆయన పరువు మాత్రం అక్కడక్కడా చిట్లింది. ఒంటి చెప్పుతో నడిచి వస్తుంటే దారి పొడుగునా అందరూ "ఎక్కడి నుంచండీ రాక?" అని అడిగారట. వీధి అన్నాక అడగరా మరి!

రేకు మీద రెండు దెబ్బలు వేసింది అర టిక్కెట్టు.

అర టిక్కెట్టు అంటే మా పైవాటాలో ఉండే కండక్టరమ్మ కూతురు. ఒకటో తరగతి చదువుతోంది. బస్సులో ఇంకా సగం టిక్కెట్టు మనిషి కనక వీధి ఆ పేరు పెట్టింది. దానికి ఆ పేరంటే గొప్ప. ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే వెనక్కి తిరిగి ఇంకెవరినో పిలుస్తున్నారనుకుంటుంది.

ఆ సమయంలో కండక్టరమ్మ కూడా కొట్టు ముందే ఉంది. నేనూ ఉన్నాను, దారపు రీళ్ళ కోసం వెళ్ళి. వ్యాను మలుపు తిరిగిపోయాక ఆవిడ కూతురి చెవి పట్టుకుంది. ఇంకే తల్లయినా "ఎందుకు కొట్టావే" అని అడిగేది. ఈవిడ ఏమందో తెలుసా?

"తలుపు వేసి ఉందో లేదో చూసుకోకుండా రైట్ చెప్పేస్తారా? ఇదేనా నేను నేర్పింది?"

నేను నవ్వు ఆపుకోవడానికి మెట్టు మీది చెప్పుకు కాపలా కూర్చున్నాను.

ఈ కండక్టరమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆవిడ చొక్కా గురించి చెప్పాలి. నేను ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్నాను. మనుషుల ముఖాలు మర్చిపోతాను కానీ వాళ్ళ బట్టలు ఎక్కడ అరుగుతాయో మర్చిపోను. ఆవిడ యూనిఫాం చొక్కా ఎడమ భుజం మీద అరుగుతుంది. టిక్కెట్ల సంచి పట్టీ అక్కడే కూర్చుంటుంది మరి. కుడి చంక కింద చిరుగుతుంది. పొద్దస్తమానం ఆ చెయ్యి ఎత్తి కమ్మీ పట్టుకుని ఉంటుంది కనక. ఆ రెండు చోట్లా లోపల అతుకు వేసి ఇస్తాను. "మనిషికి కూడా ఇలా అతుకులు వెయ్యగలిగితే బాగుండేదక్కా" అంటుంది. అని తనే నవ్వుతుంది.

ఇంట్లో కూడా ఆవిడ బస్సు దిగదు. వంటింట్లో కాళ్ళు ఎడంగా పెట్టి, ఒక చేత్తో పై అలమారు అంచు పట్టుకుని, రెండో చేత్తో గరిటె తిప్పుతుంది. నేల ఎప్పుడు కదులుతుందో ఎవరు చెప్పొచ్చారన్నట్టు నిలబడుతుంది. ఒకసారి నన్ను పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. లిఫ్టు కిక్కిరిసి ఉంది. "లోపలికి జరగండి, లోపల బోలెడు ఖాళీ!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే మెడలో గొట్టం వేసుకున్న డాక్టరుతో సహా అందరూ జరిగారు. లోపల నిజంగానే బోలెడు ఖాళీ ఉంది. జనం మధ్య ఖాళీ ఎక్కడ దాక్కుంటుందో ఆవిడకి ఎరుకే.

ఆవిడకు ఒకే ఒక్క గర్వం ఉంది. దాన్ని దాచుకోదు కూడా. తన బస్సులో నిద్రపోయి స్టాపు దాటిపోయినవాళ్ళు ఇంతవరకూ లేరు. టిక్కెట్టు చించేటప్పుడే మొహం చూసి పెట్టుకుంటుంది. స్టాపు రాబోతుంటే భుజం మీద తట్టి లేపుతుంది. "ఊళ్ళో వాళ్ళందరినీ వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపేది నేనే అక్కా. ఆమాటకొస్తే ఇళ్ళలో దీపాలు వెలిగించేది నేనే" అంటుంది. కరెంటు ఆఫీసువాళ్ళు వింటే ఏమంటారో తెలియదు.

అలాంటి మనిషికి చిక్కు వచ్చి పడింది.

డిపోలో డ్యూటీలు మారాయి. పొద్దుటి బస్సు పోయి మధ్యాహ్నం బస్సు వచ్చింది. పిల్ల బడి నుంచి వచ్చే వేళకి తల్లి ఊరికి ఆ మూల ఉంటుంది. తండ్రి కోల్డు స్టోరేజీలో పని, ఇంటికి చేరేసరికి దీపాలు పెడతారు. దీపాలు పెట్టేదాకా పిల్లని నా మిషను పక్కన కూర్చోబెట్టుకుంటానని చెప్పాను. కానీ బడి బస్సు మా సందులోకి పట్టదు. పెద్ద రోడ్డు మీదే దింపేసి పోతుంది. అక్కడి నుంచి నా గది దాకా రెండు మలుపులు. నేనే వెళ్ళి తీసుకొస్తాను కదమ్మా అంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"నీకో రోజు జ్వరం వస్తుంది. ఓ రోజు ఎవరో కొలతలకొచ్చి కూర్చుంటారు. ఒక్క మనిషి మీద బండి నడవదక్కా."

ఈ సంగతి విని పెద్దావిడ దిగింది. పెద్దావిడ అంటే కండక్టరమ్మ అత్తగారు. ఊరికి ఆ చివర పెద్దకొడుకు దగ్గర ఉంటుంది. మంచి మనిషి. మంచి అంతా తనకే తెలుసనుకునే మంచి మనిషి.

"ఇందులో ఆలోచించేదేముందమ్మా? పిల్లని నేను తీసుకెళ్ళిపోతాను. మా ఇంటి పక్కనే బడి. సెలవు రోజున నువ్వొచ్చి చూసుకో."

"సెలవు వారానికొక్కటే కదా అత్తయ్యా."

"వారానికోసారి చూసుకో మరి. వీధిలో పిల్లని ఎవరైనా ఎత్తుకుపోతే అసలే చూసుకోలేవు."

ఆ మాటకి కండక్టరమ్మ మొహం తెల్లబోయింది. భర్త అటు తల్లినీ ఇటు భార్యనీ చూశాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మంచినీళ్ళు తాగడానికి వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు తాగాడు.

చివరికి ఆవిడే గొంతు సవరించుకుంది. "ఊళ్ళో వాళ్ళెవరినీ స్టాపు దాటించలేదు అత్తయ్యా, నా పిల్లని దాటిస్తానా? కొత్త డ్యూటీ ఒకటో తారీఖు నుంచి. ఆ రోజుకి రూటు వేస్తాను. మీరే వచ్చి చూడండి. బాగోలేదంటే తీసుకెళ్ళండి."

"రూటేమిటి నా మొహం!" అంది పెద్దావిడ. "సరే, వస్తాను."

అలా వేసిన రూటు చూపించడానికే ఆ సెలవు రోజు సాయంత్రం తల్లీకూతుళ్ళు కొట్లకు బయల్దేరారు. సందు మొదట్లో కిరాణా కొట్టు మొదటి స్టాపు. మొదటి మలుపులో ఇస్త్రీ బడ్డీ రెండో స్టాపు. రెండో మలుపులో సైకిల్ షాపు మూడోది. నా గది ఆఖరి స్టాపు. ప్రతి స్టాపులోనూ పిల్ల ఆగాలి. కొట్టువాళ్ళు ముందుకు తొంగి చూసి, దారి బాగుంటే, "రైట్ రైట్" అనాలి. అంటేనే బండి కదలాలి. ఇదీ ఏర్పాటు.

"సిగ్నల్ లేకుండా బండి కదులుతుందా?" అని దారిలో అడిగింది తల్లి.

"కదలదు."

"తెలియనివాళ్ళు ఎక్కుతామంటే?"

"ఇది స్పెషల్ బండి అంటాను."

"తెలియనివాళ్ళు మా బండెక్కు అంటే?"

"నాకు డ్యూటీ ఉందంటాను."

"శెభాష్. ఇంతకీ నువ్వు బస్సువా, కండక్టరువా?"

"రెండూ నేనే."

"మరి డ్రైవరు?"

అర టిక్కెట్టు కాసేపు ఆలోచించింది. "డ్రైవరు సెలవు పెట్టాడు."

ఈ సంతోషంలో మొదటి స్టాపు చేరుకున్నారు. అక్కడ తలుపు తెరిచిన వ్యాను ఒకటి నిలబడి ఉంది. తర్వాతి సంగతి మీకు చెప్పాను.

ఒంటి చెప్పుతో తిరిగొచ్చిన కొట్టాయనకు నేను రెండో చెప్పు అందించాను. ఆయన అది తొడుక్కుని, దాంతో వచ్చిన ఎత్తు మీద నిలబడి మాట్లాడారు.

"ఆవు చేను మేస్తే దూడ గట్టున మేస్తుందా? తల్లి రోజంతా రైట్ రైట్ అంటుంటే పిల్ల ఊరుకుంటుందా! చూడమ్మా, నేను కొట్టు నడుపుకుంటున్నాను. బస్టాండు కాదు. నీ రూటులోంచి నన్ను తీసెయ్."

"మీరే మొదటి స్టాపు అన్నయ్యా. బడి బస్సు కనబడేది మీకొక్కరికే."

"కళ్ళు మూసుకుంటాను."

తల్లీకూతుళ్ళు తలలు వంచుకుని ముందుకు వెళ్ళారు. ఇస్త్రీ బడ్డీ ఆవిడ నీళ్ళు చిలకరించే సీసా పక్కన పెట్టి, విషయమంతా విని, "నా తల్లే, నువ్వాగితే నాకూ కాసేపు పొద్దుపోతుంది" అంది. సైకిల్ షాపు తాత ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూసుకుంటూ, "బండికి గాలి కూడా కొట్టమంటావా?" అని అడిగాడు. అయితే ఏం లాభం? మొదటి స్టాపు లేకుండా రూటు ఎక్కడ మొదలవుతుంది?

సాయంత్రం పొద్దువాలే వేళ, పనుల నుంచి వచ్చేవాళ్ళంతా ఒక్కసారే కిరాణా కొట్టు మీద పడతారు. ఆ రోజూ అదే వేళకి, క్షమాపణ చెప్పుకుందామని కండక్టరమ్మ పిల్లని తీసుకుని మళ్ళీ వెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. దారపు రీళ్ళు ఇందాక మర్చిపోయానని చెప్పాను, అందరూ నమ్మారు. కొట్టు ముందు మనుషుల మీద మనుషులు. ఒకాయన చెయ్యి ఇంకొకాయన చంకలోంచి వచ్చి సబ్బు అడుగుతోంది. "నాకు, నాకు" అన్న కేకల్లో కొట్టాయన పంచదార అడిగినవాళ్ళకి ఉప్పు కడుతున్నారు.

కండక్టరమ్మ క్షమాపణ కోసం నోరు తెరిచింది. అందులోంచి క్షమాపణ రాలేదు. అలవాటు వచ్చింది.

"తోసుకోకండి! అందర్నీ ఎక్కిస్తాం, ఎవరూ మిగిలిపోరు! పాల ప్యాకెట్లవాళ్ళు ఇటు, తూకాలవాళ్ళు అటు! సంచులు చేతిలో పట్టుకుని రెడీగా ఉండండి! ఓ లావుపాటాయనా, ద్వారంలో నిలబడకండి, లోపలికి జరగండి!"

లావుపాటాయన జరిగాడు. అందరూ జరిగారు. ఆ కొట్టు ముందు మనుషులు ఒకరి వెనక ఒకరు నిలబడటం మా వీధి అంతకుముందు చూడలేదు.

"చంటిపిల్లలవాళ్ళకి సీటివ్వండి!" అని వెనక నుంచి ఇంకో గొంతు. పిట్ట కొంచెం కూత ఘనం. అక్కడ సీట్లేం లేవు. అయినా బియ్యం బస్తా మీద కూర్చున్న కుర్రాడొకడు సిగ్గుపడి లేచి నిలబడ్డాడు.

జనం పలచబడ్డాక కొట్టాయన చెమట తుడుచుకున్నారు. కాసేపు తక్కెడ వంక చూశారు. కాసేపు పిల్ల వంక చూశారు.

"రైట్ రైట్ అనడం వరకే," అన్నారు. "అంతకంటే ఏం చెయ్యను. వ్యాను ఉన్నప్పుడు మాత్రం దీన్ని దూరంగా నిలబెట్టు."

"సారీ బాబాయ్," అంది అర టిక్కెట్టు. "తలుపు చూసుకోలేదు."

ఆ తర్వాత వారమంతా రూటు మీద ట్రయలు. మొదట తల్లి పిల్ల చెయ్యి పట్టుకుని నడిచింది. తర్వాత వెనక నడిచింది. తర్వాత ఒక స్టాపు వెనక నడిచింది. ఆఖరున కరెంటు స్తంభం చాటున నిలబడి చూసింది. స్తంభం సన్నం, ఆవిడ కాదు. "అమ్మా, నువ్వు కనబడుతున్నావు" అని పిల్ల కేకేసి మరీ చెప్పింది.

ఒకటో తారీఖు వచ్చింది.

డ్యూటీకి వెళ్ళే ముందు కండక్టరమ్మ నా గుమ్మంలో ఆగింది. పాలసీసా, బిస్కెట్ల డబ్బా నా చేతికిచ్చింది. వెళ్ళబోయి మళ్ళీ వెనక్కి వచ్చింది.

"అక్కా, బండి లేటయితే కంగారు పడకు. లేటవడం వేరు, రాకపోవడం వేరు."

నాకు చెబుతోందో తనకి చెప్పుకుంటోందో తెలియలేదు.

ఆవిడ అటు వెళ్ళగానే పెద్దావిడ ఇటు వచ్చింది. చేతిలో పెద్ద ప్రయాణపు సంచి. ఖాళీది. నా మిషను మీద పెట్టింది.

"దీని జిప్పు పోయిందమ్మా. కొత్తది వేసిపెట్టు. సాయంత్రానికి కావాలి."

పిల్ల గౌన్లన్నీ పట్టే సంచి అని చూస్తేనే తెలుస్తోంది. జిప్పు కుట్టడం నాకెంతసేపు? కానీ ఆ రోజు దారం నా మాట వినలేదు. నేను కూడా దానికి గట్టిగా చెప్పలేదు. రెండుసార్లు తెగింది. ఒకసారి తప్పు రంగు ఎక్కించాను. పెద్దావిడ కుర్చీలో కూర్చుని వీధి వంకా నా చేతుల వంకా మార్చి మార్చి చూస్తోంది.

పెద్ద రోడ్డు మీద బడి బస్సు హారను వినబడింది. కాసేపటికి కొట్టాయన గొంతు. ఆ గొంతు మూడు వీధులకు సరిపోతుంది. "రైట్ రైట్!"

"ఒకటి," అన్నాను నేను.

తర్వాత ఇస్త్రీ బడ్డీ ఆవిడ గొంతు రావాలి. రాలేదు. మేము ఎదురుచూశాం. చినుకులు మొదలయ్యాయి. గొంతు రాలేదు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూనే ఉన్నాను, ఎక్కిన దారాన్నే మళ్ళీ ఎక్కిస్తున్నానని తర్వాత తెలిసింది. లేటవడం వేరు, రాకపోవడం వేరు అని లోపల అనుకుంటున్నాను. ఎంతగా అనుకున్నా గుండె వినడం లేదు.

పెద్దావిడ లేచింది. "చెప్పానా! నేను ముందే చెప్పానా!" అంటూ చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. మెడలో కొలతల టేపుతో వెనకే నేను.

సైకిల్ షాపు దాటి మలుపు తిరగబోతూ పెద్దావిడ ఠక్కున ఆగిపోయింది. నేను వెళ్ళి ఆవిడ వీపుకి తగిలాను.

ఇస్త్రీ బడ్డీలో ఇస్త్రీ ఆవిడ లేదు. మడతపెట్టిన బట్టలు ఎవరికో ఇచ్చి రావడానికి వెళ్ళినట్టుంది. రేకుల చూరు కింద అర టిక్కెట్టు నిలబడి ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టుకుంది. పుస్తకాల సంచి పట్టీ ఎడమ భుజం మీద. కుడి చెయ్యి ఎత్తి చూరు గుంజను పట్టుకుంది. నేల ఎప్పుడు కదులుతుందో ఎవరు చెప్పొచ్చారన్నట్టు నిలబడింది. నాకు కళ్ళు చెమర్చాయి. దాని గౌను కుడి చంక కింద కూడా నేను అతుకు వెయ్యవలసి వస్తుందన్న మాట.

దాని ముందు గొడుగు వేసుకున్న పెద్దమనిషొకాయన వంగి మాట్లాడుతున్నాడు. మా వీధివాడు కాదు.

"వాన పెద్దదవుతోంది పాపా. గొడుగులోకి రా, మీ ఇంటి దగ్గర దింపేస్తాను."

"ఇది స్పెషల్ బండి అంకుల్. తెలియనివాళ్ళని ఎక్కించుకోం. మేమూ ఎక్కం."

"నేను మంచివాణ్ణేనమ్మా."

"మంచివాళ్ళకి వేరే బండి ఉంది," అంది అర టిక్కెట్టు మర్యాదగా. "వెనకాల వస్తోంది."

ఆ పెద్దమనిషి నిజంగానే మంచివాడు. వెనక్కి తిరిగి ఏదైనా వస్తోందేమోనని ఒకసారి చూసి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. పెద్దావిడ మాత్రం కదల్లేదు. ఆవిడ రాత్రుళ్ళు భయపడింది సరిగ్గా ఇలాంటి గొడుగు గురించే. అది కళ్ళ ముందుకు వచ్చింది, పోయింది.

తర్వాత తేరుకుని గబగబా వెళ్ళింది.

"ఇక్కడేం చేస్తున్నావే తల్లీ? అక్కడ మా ప్రాణాలు పోతున్నాయి. పద ఇంటికి."

"సిగ్నల్ పడలేదు నానమ్మా."

"ఏం సిగ్నలే?"

"ఇస్త్రీ పిన్ని లేదు. పిన్ని రైట్ రైట్ అనాలి."

"నేనంటున్నాగా, పద!"

"నువ్వు స్టాపు కాదు కదా. ప్యాసింజరువి."

పెద్దావిడ నా వైపు తిరిగింది. "నువ్వయినా చెప్పమ్మా దీనికి."

నేను నోరు తెరవక ముందే పిల్ల అడ్డుపడింది. "పెద్దమ్మ ఆఖరి స్టాపు. ఇక్కడ చెల్లదు."

"మరి ఆ పిన్ని ఎంతకీ రాకపోతే ఇలాగే నిలబడతావా?"

"డిపో వాళ్ళు వేరే మనిషిని పంపిస్తారు."

"ఎవర్నే?"

అర టిక్కెట్టు ఆలోచనలో పడింది. నానమ్మను కిందినుంచి పైదాకా, ఉద్యోగం ఇవ్వవచ్చో లేదో చూస్తున్నట్టు చూసింది.

"నువ్వు డ్యూటీ ఎక్కుతావా?"

పెద్దావిడ పుట్టాక ఎవరి మాటా విన్న మనిషి కాదు. కొడుకులు, కోడళ్ళు, చుట్టాలు, అందరూ ఆవిడ మాట వినేవాళ్ళే. ఎదురుగా సైకిల్ తాత పని ఆపి చూస్తున్నాడు. కిటికీల్లోంచి నలుగురు చూస్తున్నారు. ఆవిడ చుట్టూ చూసింది. వెళ్ళి ఇస్త్రీ ఆవిడ స్టూలు మీద కూర్చుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?"

"ముందు దారి చూడాలి. తర్వాత బల్ల మీద రెండుసార్లు కొట్టాలి. అరచేత్తో."

పెద్దావిడ మెడ చాచి మలుపు దాకా చూసింది. బల్ల మీద మెల్లగా తట్టి, "రైట్ రైట్" అని గొణిగింది.

"వినబడలేదు నానమ్మా. వెనక సీటువాళ్ళకి కూడా వినబడాలి."

పెద్దావిడ ఊపిరి పీల్చుకుంది. నీళ్ళ సీసా ఎగిరిపడేలా బల్ల మీద రెండు చరిచి, "రైట్... రైట్!" అని ఒక్క కేక పెట్టింది. అవతల కిరాణా కొట్టాయన ఉలిక్కిపడి అలవాటుగా "రైట్ రైట్!" అన్నారు. ఇవతల సైకిల్ తాత కూడా అందుకున్నాడు. బండి కదిలింది. వెనకే వెళ్ళబోయి పెద్దావిడ స్టూలు మీద నుంచి లేచింది.

"నువ్వు దిగకూడదు నానమ్మా! పిన్ని వచ్చేదాకా స్టాపు ఖాళీగా ఉంచకూడదు!"

ఆవిడ మళ్ళీ కూర్చుంది.

నేను అడ్డదారిన పరుగెత్తి, నా స్టాపులో నేను నిలబడ్డాను. అర టిక్కెట్టు గుమ్మంలో కాలు పెట్టి, "ఆఖరి స్టాపు! అందరూ దిగండి, సామాన్లు చూసుకోండి!" అని, తను ఒక్కర్తే దిగి, పాలసీసా కోసం చెయ్యి చాచింది.

పెద్దావిడ చాలాసేపటికి వచ్చింది. ఇస్త్రీ ఆవిడ తిరిగొచ్చే లోపల ఎవరో వచ్చి "ఈ ప్యాంటు రేపటికిస్తారా?" అని అడిగారట. "ఇస్తాను, అక్కడ పెట్టు" అని చెప్పేసిందట. ఎందుకు చెప్పిందో ఆవిడకే తెలియదు. కుర్చీలో కూర్చుని, బిస్కెట్టు తింటున్న మనవరాలిని కాసేపు చూసింది. తర్వాత మిషను మీది సంచిని చూసింది.

"జిప్పుకి తొందరేం లేదమ్మా. తీరిగ్గా కుట్టు."

అంతే, నా దారం ఒక్కసారిగా బుద్ధిమంతురాలైపోయింది. చిటికెలో కుట్టేశాను.

ఆ పూట నన్నూ పైవాటాలోనే భోజనానికి ఉంచేసింది పెద్దావిడ. కంచాలు పెట్టే వేళకి మెట్ల మీద అడుగుల చప్పుడు. కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి, చెప్పులైనా విప్పకుండా, "బండి వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చిందమ్మా," అన్నాడు భర్త. ఈసారి ఆయన వంటింట్లోకి వెళ్ళలేదు.

ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. "ఇవాళ నేనేం చేశానో తెలుసా అక్కా? ఆసుపత్రి స్టాపు రాగానే, 'ఇస్త్రీ బడ్డీ వాళ్ళు దిగండి' అన్నాను. ఒక ముసలాయన దిగబోయాడు కూడా! డ్రైవరు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు."

"నవ్వులు తర్వాత," అంది పెద్దావిడ, గొంతులో కారం నింపుకోవడానికి గట్టిగా ప్రయత్నిస్తూ. "ముందు నీ కూతురు చేసిన నిర్వాకం విను. ఇంత వయసు వచ్చాక నన్ను నడివీధిలో స్టూలెక్కించింది. నలుగురూ చూస్తుండగా బల్ల చరిపించి కేకలు పెట్టించింది. పోనీ అంతటితో వదిలిందా? తను దర్జాగా ఇంటికొచ్చేసి, నన్ను ఎవరివో ప్యాంట్లకి కాపలా పెట్టింది! నువ్వేమీ అనవా దాన్ని?"

కండక్టరమ్మ కూతురి వంక చూసింది. కూతురు కంచంలోంచి తలెత్తి, భుజం సరిచేసుకుని, తల్లి వంక చూసింది.

"ఆ రూట్లో నేనూ ప్యాసింజర్నే అత్తయ్యా, ఏమైనా ఉంటే కండక్టరుతో మాట్లాడుకోండి."